కొత్తిమీరకు పోయిన బండి

మాబాషాకు సరిగా నిద్రపట్టి చాలా రోజులైంది. కారణం రెండు మోటారు సైకిళ్లు.

ఒకటి అతని సొంతది. ఆదోని పత్తి మిల్లులో పనికి చేరిన కొత్తలో కొనుక్కున్న చిన్న బండి. రోజూ రేగడిపల్లె నుంచి మిల్లుకు పోయి వచ్చేది దాని మీదే. సీటు ఒకచోట చిరిగితే వాళ్లమ్మ పీరమ్మ సూది దారం తీసుకుని గోనెసంచి కుట్టినట్టు కుట్టేసింది. రెండోది బళ్లారిలో ఉండే బావ జాకీర్‌ది. పెద్ద బండి. నల్లగా నిగనిగలాడుతూ, వీధిలోకి వస్తే గూట్లో గిన్నెలు అదిరే బండి. "నీ పని అయ్యేదాకా ఉంచుకో" అని బావ దాన్ని తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టి, కొత్త హెల్మెట్ కూడా చేతిలో పెట్టి, బస్సెక్కి వెళ్లిపోయాడు.

మాబాషా పోవాల్సింది దగ్గరి చోటు కాదు. గుజరాత్‌లో ఉప్పు ఎడారి అంచున ఒక సమాధి ఉంది. ఉసేనప్ప తాత గురువుకు గురువు అక్కడ పడుకుని ఉన్నాడు.

ఉసేనప్ప తాత ఊరి చివర రేకుల కొట్టంలో దూది ఏకి పరుపులు కుట్టే పెద్దాయన. ఆ ఊరికీ చుట్టుపక్కల ఊళ్లకూ గురువు. అయితే ఆయన దగ్గర ఉపదేశం వినాలని వచ్చేవాళ్లకు పెద్దగా ఏమీ దొరకదు. ఎవరైనా ప్రశ్న వేస్తే తాత దూది ఏకుతూ ఉండిపోతాడు. వచ్చినవాడు తుమ్మి తుమ్మి, వేసిన ప్రశ్న ఏదో మరిచిపోయి ఇంటికి పోతాడు. ఆ తుమ్ములతోనే తమ కష్టం తీరిందని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు.

ప్రతి ఏడూ కొత్త పత్తి రాగానే తాత తన చేత్తో ఏకి ఒక దిండు కుడతాడు. పచ్చటి గుడ్డతో దానికి గలీబు వేస్తాడు. శిష్యుల్లో ఒకరు ఆ దిండు తీసుకుపోయి ఉరుసు నాటికి ఆ సమాధి తల దగ్గర పెట్టి రావాలి. పోయేవాడు బస్సు ఎక్కకూడదు, రైలు ఎక్కకూడదు. తన దారిన తాను పోవాలి. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆగాలి. తాత గురువు నడిచి పోయాడట. తాత వయసులో ఉన్నప్పుడు సైకిల్‌కు దూది ఏకే విల్లు కట్టుకుని, ఊరూరా ఎవరింటి పరుపో ఏకి పెట్టి, వాళ్లు పెట్టింది తింటూ పోయి వచ్చాడు.

ఈ ఏడు దిండు తానే తీసుకుపోతానని అడిగినవాడు మాబాషా. అడగడానికి ఒక కారణం ఉంది. వాళ్ల నాయన కూడా తాత శిష్యుడే. ఏటా కొత్త దిండు చూడగానే "వచ్చే ఏడు నేను పోతా తాతా" అనేవాడు. ఒక ఏడు కూతురి పెళ్లి అడ్డమొచ్చింది. ఒక ఏడు వానల్లేవు. ఒక ఏడు సైకిల్ బాగా లేదన్నాడు. అట్లా అంటూ అంటూ పోకుండానే కన్నుమూశాడు. నాయన పోలేని దారి తాను పోవాలని మాబాషా కోరిక. మిల్లులో సెలవు కూడా పెట్టేశాడు.

కానీ ఏ బండి మీద పోవాలి?

ఒకరోజు పెద్ద బండి తీసి ఊరవతల రోడ్డు మీద ఒక్క చుట్టు చుట్టి వచ్చాడు. వచ్చేటప్పటికి ముఖం వెలిగిపోతోంది. "అమ్మా, ఇది బండి కాదు, గాలి" అన్నాడు. ఆ రోజంతా పెద్ద బండే అనుకున్నాడు. మర్నాడు అది ఎడారి ఇసుకలో కూరుకుపోతే ఎవడు లేపుతాడు అన్న అనుమానం వచ్చింది. చిన్న బండైతే ఏ ఊళ్లోనైనా బాగుచేసేవాడు దొరుకుతాడు. అట్లా చిన్న బండికి తిరిగాడు. ఆ మర్నాడు మిల్లులో లెక్కలు రాసే ఆయన "అంత దూరం చిన్న బండి మీద పోతే నడుం ఉండదప్పా, ఊడి చేతికొస్తుంది" అన్నాడు. మళ్లీ పెద్ద బండి. ఫోన్లో గడ్డం పెంచుకున్న ఒకాయన రోజూ కొండలెక్కుతూ పెద్ద బండి గొప్పలు చెబుతాడు. ఇంకొకాయన అవే కొండలెక్కుతూ చిన్న బండి గొప్పలు చెబుతాడు. మాబాషా ఇద్దరినీ నమ్మాడు. అదే వచ్చిన చిక్కు.

బావ మాత్రం ఫోన్లో తేల్చి చెప్పేశాడు. "నీ బండి కొత్తిమీర తెచ్చుకోను పనికొస్తాది. గుజరాతుకు పోను పనికొస్తాదా? నీకేమన్నా బుద్ధి ఉందా మాబాషా?"

ఉరుసు దగ్గరపడుతోంది. ఇంకో రెండు రోజుల్లో కదలకపోతే దిండు సమయానికి చేరదు. చేరకపోతే ఆ సమాధి తల దగ్గర కొత్త దిండు లేని మొదటి ఏడు ఇదే అవుతుంది. ఆ మాట మాబాషా పేరు మీద ఉండిపోతుంది. అది తెలిసి కూడా అతను పొద్దున లేచి రెండు బండ్లూ తుడిచాడు. రెండింటికీ గాలి చూశాడు. ఇక ఉండబట్టలేక తాత దగ్గరికి బయలుదేరాడు. ఊరి చివరి దాకా పోవడానికి పెద్ద బండి ఎందుకని చిన్నదాని మీదే పోయాడు. తన పాత హెల్మెట్ తలకు, బావ ఇచ్చిన కొత్త హెల్మెట్ మోచేతికి. ఆ కొత్తది వచ్చినప్పటి నుంచీ దాన్ని ఇంట్లో పెట్టి రావడానికి మనసొప్పడం లేదు మరి.

తాత దూది ఏకుతున్నాడు. కొట్టం నిండా తెల్లటి నూగు. మాబాషా గడప దగ్గర కూర్చుని మొత్తం చెప్పుకొచ్చాడు. ఇసుక సంగతి, నడుం సంగతి, గాలి సంగతి, ఫోన్లో గడ్డాల వాళ్ల సంగతి. మధ్యలో నాలుగైదుసార్లు తుమ్మాడు. అయినా ప్రశ్న మరిచిపోలేదు.

"పెద్దదైతే దూరానికి మంచిదంటారు తాతా. చిన్నదైతే యాడ ఆగినా భయం లేదంటారు. బావేమో ఈ బండి కొత్తిమీర తెచ్చుకోను తప్ప దేనికీ పనికిరాదంటాండాడు. మీరు ఏది చెప్తే అది."

విల్లు చప్పుడు ఆగింది. తాత గడ్డంలోని దూది దులుపుకున్నాడు.

"కొత్తిమీర అంటే గుర్తొచ్చింది. ఇంట్లో అయిపోయింది. తెచ్చుకుందాం పా."

"ఇప్పుడా?"

"కూరకు ఇప్పుడే గదా కావాల్సింది."

తాత లోపలికి పోయి ఒక పెద్ద గుడ్డ సంచి భుజాన వేసుకుని వచ్చాడు. మాబాషా మోచేతికి ఉన్న కొత్త హెల్మెట్ తీసి తన తలకు పెట్టుకున్నాడు. నల్లటి హెల్మెట్ కింద నుంచి తెల్లటి గడ్డం బయటికి వేలాడింది. మాబాషాకు నవ్వొచ్చింది గానీ మింగేశాడు.

"కొత్తిమీరకు ఇంత సంచి ఏంటికి తాతా?"

"ఉన్న సంచి ఇదే."

తాత వెనక ఎక్కి, సంచిని ఇద్దరి మధ్యా పెట్టుకుని, భుజం మీద తట్టాడు. బండి కదిలింది.

ఊళ్లో అంగడి దగ్గర ఆగారు. తాత ఒక కట్ట తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. హెల్మెట్ అడ్డమొచ్చినా వాసన తెలిసినట్టే ఉంది. "బాగా లేదు" అని తిరిగి పెట్టేశాడు. "ఆదోనికి పోనీ."

ఆదోని మార్కెట్లో కొత్తిమీర కుప్పలు పోసి ఉంది. తాత కుప్ప కుప్పకూ వంగి చూసి "ఇది నిన్నటిది" అన్నాడు. కొట్టువాడికి కోపమొచ్చింది. "పొద్దున దిగింది తాతా, నీకు కళ్లు కనపడవా?" అన్నాడు. తాత ఆ మాటకు ఏమీ అనుకోలేదు. వచ్చి మళ్లీ బండెక్కాడు.

"ఆదోనిలో దొరకనిది ఇంక యాడ దొరుకుతుంది తాతా?"

"ఏటి ఒడ్డున బాగుంటాది."

ఏరంటే తుంగభద్ర. పోయి రావడానికి ఒక పూట పడుతుంది. అయినా తాత మాటకు ఎదురు చెప్పే అలవాటు మాబాషాకు లేదు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, సాయంత్రం లోపు ఏ బండో తేల్చుకోవచ్చులే అనుకున్నాడు.

ఊరు దాటగానే దారి రెండు పక్కలా నల్లరేగడి చేలు. పత్తి విచ్చుకుని ఉంది. ఆడవాళ్లు ఒడినిండా పత్తి తీస్తూ పాటలు పాడుకుంటున్నారు. చల్లటి గాలి. పత్తి లోడుతో రెండు వైపులా ఉబ్బిపోయిన లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోతే బండి గజగజ వణికింది. పెద్ద బండైతే ఇంతగా వణికేది కాదు అని మాబాషా అనుకున్నాడు. నిజమే, వణికేది కాదు. ఇంకొంచెం దూరం పోయాక దారి పక్కన ఒకామె చెయ్యెత్తింది. తాత భుజం తట్టాడు. మాబాషా ఆపాడు.

"అన్నా, మా ఆయన ఆ ముందర చేలో ఉండాడు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఈ క్యారియరు ఇచ్చి పోతారా? నాకు ఇంటికాడ పిల్ల ఏడుస్తాంది."

మాబాషా క్యారియరు హ్యాండిల్‌కు తగిలించుకున్నాడు. చేలోకి బండ్ల బాట కూడా లేదు. గట్టు ఉంది. గట్టు మీద ఒక కాలు నేలకు ఆనిస్తూ, ఊగుతూ, తాత "పడేస్తావురా" అంటూ నవ్వుతూ ఉంటే మొత్తానికి చేరారు. ఆ రైతు పేరు లక్ష్మన్న. ఎవరో ముక్కూ ముఖం తెలియని వాళ్లు హెల్మెట్లు పెట్టుకుని తన అన్నం తెచ్చారని అతనికి ఒకటే ఆశ్చర్యం. కూర్చోబెట్టి జొన్నరొట్టె, శనక్కాయలు మిరపకాయలు కలిపి నూరిన ఊరిబిండి వాళ్లకూ పెట్టాడు. మాబాషా తన జన్మలో అంత రుచిగా తిన్నట్టు గుర్తులేదు. ఆకలేసిందని కూడా తినేదాకా అతనికి తెలియలేదు.

"యాడికి పోతాండారు?" అని అడిగాడు లక్ష్మన్న.

"కొత్తిమీరకు" అన్నాడు తాత.

లక్ష్మన్న ఇద్దరి ముఖాలూ చూశాడు. ఇంకో రొట్టె వేశాడు.

తుంగభద్ర వంతెన మీదికి రాగానే మాబాషా తనంతట తానే బండి ఆపాడు. కింద నీళ్లు ఎండకు తళతళలాడుతున్నాయి. అతను ఆ ఏరు అంతకు ముందూ చూశాడు గానీ బస్సు కిటికీలోంచి, పక్కవాడి తల అడ్డంగా ఉండగా చూశాడు. ఇప్పుడు ఏ తలా అడ్డం లేదు. గట్టిగా అరవాలనిపించింది. తాత ఉన్నాడని ఊరుకున్నాడు.

ఏటి ఒడ్డున నిజంగానే కొత్తిమీర మడులు ఉన్నాయి. ఆకు పచ్చగా మెరుస్తోంది. మడి వాణ్ణి అడిగి తాత రెండు రెమ్మలు తుంపి నలిపి చూశాడు.

"వాసన బాగుంది" అన్నాడు.

మాబాషా సంచి కోసం చెయ్యి చాపాడు.

"కానీ ఇసుక ఎక్కువ" అన్నాడు తాత. "ముందుకు పోదాం."

మాబాషా తాత ముఖంలోకి చూశాడు. హెల్మెట్‌లోంచి రెండు కళ్లు, కింద గడ్డం తప్ప ఏమీ కనపడలేదు. ఈసారి అతను ఎందుకని అడగలేదు. వంగి కిక్కు కొట్టాడు. నిజం చెప్పాలంటే తాత "ఇక వెనక్కి తిప్పు" అంటాడేమో అన్న భయం అప్పటికే అతనిలో మొదలైంది.

రాయచూరులో టీ తాగారు. బోర్డుల మీద అక్షరాలు మారాయి. టీ కొట్టువాడు కన్నడంలో ఏదో అన్నాడు. మాబాషా తెలుగులో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. తాత గ్లాసు కింద పెట్టి ఎటు పోవాలో గడ్డంతో చూపించాడు. అటు దారి ఇంకా బాగుంది. ఎత్తు వచ్చినప్పుడు బండి ఆయాసపడింది, మాబాషా గేరు తగ్గించాడు. పల్లం వచ్చినప్పుడు గంతులేసింది, మాబాషా మనసూ దానితో పాటు గంతులేసింది. వెనక తాత తత్వం ఎత్తుకున్నాడు. హెల్మెట్‌లోంచి మాటలు తెలియడం లేదు. ఊకొట్టినట్టు ఒక రాగం మాత్రం మాబాషా వీపు దాకా వస్తోంది. దారిలో బడి పిల్లలు ఆ గడ్డాన్నీ ఆ హెల్మెట్‌నూ చూసి చేతులూపారు. చెయ్యెత్తినట్టే లెక్క అని తాత బండి ఆపించి, వాళ్లతో కాసేపు మాట్లాడి గానీ కదలలేదు.

పొద్దు వాలేటప్పటికి ఇంకో పెద్ద ఏరు వచ్చింది. కృష్ణ. వంతెనకు ఇవతల బస్సులు ఆగే చోట ఒక ముసలామె తట్టలో కొత్తిమీర పెట్టుకుని కూర్చుని ఉంది. చాలావరకు వాడిపోయి ఉంది. తాత దిగాడు. పోయి ఒక కట్ట తీసుకున్నాడు.

"వాసన చూడలేదే తాతా" అన్నాడు మాబాషా.

"చూసేదేముంది. కొత్తిమీర గదా."

తాత హెల్మెట్ తీసి బండి అద్దానికి తగిలించాడు. రాయచూరు బస్సు వచ్చి ఆగి ఉంది. ఆయన అటువైపు నడవబోతుంటే మాబాషాకు ఒక్కసారిగా ఏమీ అర్థం కాలేదు.

"తాతా, యాడికి?"

"ఇంటికి. కూరకు ఆలస్యమైతాంది."

"మరి నేను?"

తాత వెనక్కి వచ్చి సంచి మూతి విప్పాడు. పైన మాబాషా చొక్కాలు రెండు, వేరుశనక్కాయల పొడి డబ్బా, కాగితంలో చుట్టి ముడి వేసిన సూది దారం. ఆ ముడి వాళ్లమ్మ వేసేదే. వాటి కింద పచ్చటి గుడ్డ. మాబాషా చెయ్యి పెట్టి తాకాడు. మెత్తగా ఉంది. కొత్త దూది.

దిండు.

పొద్దున్నుంచీ తన నడుముకు ఆని ఉన్నది అదే. ఊడి చేతికొస్తుందని మిల్లులో లెక్కలు రాసే ఆయన భయపెట్టిన నడుము గురించి ఇప్పటిదాకా ఒక్కసారైనా తలుచుకున్నాడా? గుర్తులేదు. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తాతా, దీని మీద వాలి వచ్చినా. తెలియక..."

"దిండు గదా. ఆయన ఏమీ అనుకోడు."

"మీరు ముందే చెప్పింటే..."

"పొద్దున్నే మీ అమ్మ వచ్చింది" అన్నాడు తాత. "కొట్టంలో కూర్చుని ఏడ్చింది. వీడు కూడా వాళ్ల నాయన మాదిరే అయితాండాడు తాతా, బండి చూస్తాండాడు గానీ దారి చూడడంలేదు అనింది. సంచి ఇచ్చి పోయింది."

మాబాషాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముఖం తిప్పుకుని ఏటి వైపు చూశాడు. నాయన ఇల్లు కదలలేదు. నాయన కొడుకు తుంగభద్ర దాటి, ఇంకో ఏటి ఒడ్డున నిలబడి ఉన్నాడు. ఎప్పుడు బయలుదేరాడో అతనికే తెలియదు. బట్టల మీద దుమ్ము, కాళ్లకు చెప్పులు, నోట్లో ఇంకా ఊరిబిండి కారం. ఒళ్లంతా ఏదో పొంగుతోంది. భయం కాదది. భయం పొద్దున ఇంట్లో ఉంది, రెండు బండ్ల మధ్య.

అతను వంగి తాత కాళ్లకు మొక్కాడు. లేచి సంచిని సీటు మీద, తాత కూర్చున్న చోట, తువ్వాలతో గట్టిగా కట్టాడు. అమ్మ కుట్టిన కుట్టు మీద సరిగ్గా కూర్చుంది అది.

బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. తాత ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాడు. మాబాషాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇంతసేపూ గుర్తురాలేదే అని తనకే నవ్వొచ్చింది. కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

"తాతా, పెద్ద బండి ఇంటికాడే ఉండిపోయింది గదా."

బస్సు కదిలింది. తాత వాడిన కొత్తిమీర కట్టను కిటికీలోంచి ఒకసారి విదిలించాడు. మట్టి రాలింది.

"ఉండనీలే" అన్నాడు. "కొత్తిమీర తెచ్చుకోను పనికొస్తాది."